ముత్తాతకు పొడినేల

గానెట్ క్రీక్‌లో క్లెమ్ హాడ్రెల్ అనే ఆపిల్ రైతు ఉండేవాడు. చచ్చి నూరేళ్లు దగ్గరపడిన తన ముత్తాతను ఆయన బురదలోంచి లేపి, భుజాన వేసుకుని, వాలు ఎక్కించి, ఎండ తగిలే పొడినేలలో పడుకోబెట్టాడు. ఆ పొడినేలలో అప్పటికే నిద్రపోతున్న ఇంకో పెద్దమనిషిని కాళ్లు పట్టి లాగి బురదలోకి దొర్లించాడు. ఇద్దరూ కిక్కురుమనలేదు. పని ముగించుకుని క్లెమ్ మధ్యాహ్నం భోజనానికి వెళ్లిపోయాడు.

భుజాన వేసుకున్నాడన్నది కొంచెం ఎక్కువే. ఎముకలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కదిలినవి పేర్లు మాత్రమే. కానీ మా టాస్మేనియాలో సమాధి మీద పేరు కదిలితే వంశం కదిలినట్టే, కాబట్టి నేను చెప్పింది పూర్తిగా అబద్ధమూ కాదు.

చర్చి వెనక శ్మశానం వాలు మీద ఉంటుంది. పైన ముళ్లకంచె, కింద వాగు. ఈ లోయకు మొదట వచ్చినవాళ్లు బతికున్నప్పుడు చర్చిలో ఎలా కూర్చున్నారో చచ్చాక అలాగే పడుకున్నారు. సొంత డబ్బుతో టికెట్టు కొని ఓడ ఎక్కినవాళ్లు ఎగువ వరసలో. ఇంగ్లండులో శిక్ష పడి, సర్కారు ఖర్చు మీద, కాళ్లకు గొలుసులతో వచ్చినవాళ్లు దిగువ వరసలో. చలికాలంలో వాగు పొంగిందంటే దిగువ వరస వాళ్ల పక్క తడిసిపోయేది.

క్లెమ్ ముత్తాత ఒబదయా హాడ్రెల్ దిగువ వరస మనిషి. ఏం దొంగిలించాడో ఆ ఇంట్లో ఎవరూ నోరెత్తి చెప్పేవారు కాదు. పక్కింటి ట్రాన్మర్ల ముత్తాత గిడియన్ ఎగువ వరస మనిషి, పడవలు కట్టే వడ్రంగి. రెండు కుటుంబాలకూ మధ్య ఒకే కంచె, రెండు తోటలకూ ఒకే తేనెటీగలు. అయినా క్లెమ్ తల్లి ఆలివ్ ఆ కంచె దగ్గర నిలబడినప్పుడల్లా కొంచెం వంగి నిలబడేది. చలికాలం వాన మొదలైతే కిటికీలోంచి చూసి, "పాపం తాత, మళ్లీ నీళ్లలో పడుకున్నాడు" అనేది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన మనిషి ఆవిడ, ఒబదయాను చూసింది లేదు. అయినా సిగ్గు మాత్రం పుట్టింటి నుంచి తెచ్చుకున్నదాన్లా మోసింది.

1967 ఫిబ్రవరిలో లోయ కాలిపోయింది. ఒక్క మధ్యాహ్నంలో చర్చి పోయింది, చర్చి పుస్తకాలు పోయాయి, ముళ్లకంచె పోయింది, ఆలివ్ ఇల్లు పొగగొట్టం తప్ప అంతా పోయింది. శ్మశానంలో పాత సమాధుల పేరుచెక్కలు కాలి, వాటి చోట బూడిద గీతలు మిగిలాయి. ఒక వారం అయ్యాక పాస్టరు గారు క్లెమ్ దగ్గరికి వచ్చారు.

"క్లెమ్, ఆపిల్ పెట్టెల మీద పేర్లు వేసే అక్షరాల రేకులు నీ దగ్గర మిగిలాయా?"

"రేకులకేం, ఇనుమేగా. పెట్టెలే లేవు."

"అయితే ముందు మన పాతవాళ్లకు పేర్లు వెయ్యి. ఏది ఎవరిదో నీకు తెలుసుగా."

క్లెమ్‌కు తెలుసు. చిన్నప్పుడు నాన్నతో వచ్చి గడ్డి కోసిన చోటు. హ్యూఆన్ పైన్ అనే మా అడవి కలపను చెక్కలుగా కోసి, రేకు ఆనించి, కుంచెతో నల్లరంగు అద్దాడు. లండన్‌కు పోయే పెట్టెల మీద ఏ అక్షరాలు పడేవో అవే అక్షరాలు చచ్చినవాళ్లకూ పడ్డాయి. చెక్కలు పాతడానికి వెళ్తూ తల్లిని కూడా బండిలో ఎక్కించుకున్నాడు, ఆవిడను ఒక్కదాన్నే బూడిద పక్కన వదలలేక. ఆవిడ పొగకు కళ్లు వాచి సరిగా చూడలేని స్థితిలో ఉంది. ఎవరో ఇచ్చిన పొడుగాటి కోటులో, ఎవరిదో టోపీలో నిలబడి అడిగింది.

"మన తాత ఏడిరా?"

క్లెమ్ చేతిలో హాడ్రెల్ చెక్క ఉంది. దిగువకు రెండు అడుగులు వేశాడు. మళ్లీ తల్లిని చూశాడు. ఆవిడకు ఆ రోజు ప్రపంచంలో మిగిలింది ఆ అప్పుకోటు.

"ఇక్కడమ్మా" అన్నాడు ఎగువన నిలబడి. "మనం ఇన్నాళ్లూ పొరపాటు పడ్డాం. బూడిద తీస్తే తెలిసింది. తాత పైనే ఉన్నాడు."

ఆలివ్ కోటు బొత్తాలు సరిగ్గా పెట్టుకుంది.

కాన్వెంటులో సిస్టర్లు మాకు పాపాలను రెండు గంపల్లో వేసి చూపించేవారు, చిన్నవి ఒక దాన్లో, పెద్దవి ఇంకో దాన్లో. తల్లి కోసం చెప్పిన ఈ అబద్ధం చిన్న గంపలోకే పోయేది, అక్కడితో ఆగి ఉంటే. కానీ ట్రాన్మర్ల చెక్క ఇంకా బండిలో ఉంది. దాన్ని ఎక్కడో ఒకచోట పాతాలి. క్లెమ్ దాన్ని దిగువన పాతుతుండగా వాల్టర్ ట్రాన్మర్ చేతికర్ర ఊపుకుంటూ వచ్చాడు. గిడియన్‌కు మనవడు, ఎనభై దాటినవాడు. ఊళ్లో ఏ సంవత్సరం ఏ ఆపిల్ ఎంత పలికిందో నోటికి చెప్పేవాడు.

"ఏమయ్యా, మా తాతను అక్కడ పెడుతున్నావేం? ఆయన పైన కదూ?"

ఆలివ్ పది అడుగుల దూరంలో నిలబడి వింటోంది.

"కిందే వాల్టర్ గారూ" అన్నాడు క్లెమ్.

"పైన కంచె పక్కన. నేను చిన్నప్పుడు..."

"కంచె కాలిపోయింది కదండీ, అందుకే తికమకగా ఉంది మీకు. ఎప్పుడూ కిందే."

వాల్టర్ చాలాసేపు వాలును చూస్తూ నిలబడ్డాడు. పైకి చూశాడు, కిందికి చూశాడు. చివరికి టోపీ తీసి, "అలాగా" అన్నాడు. "నువ్వు చిన్నవాడివి, నీకు గుర్తుంటుందిలే."

క్లెమ్ సుత్తితో చెక్క మీద ఇంకో దెబ్బ వేశాడు. అది అప్పటికే గట్టిగా దిగి ఉంది.

ఆ తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. వాల్టర్ కూతురు యూనా హోబార్ట్ ఆసుపత్రిలో నర్సుగా చేసేది, ఆ ఏడాదే ఉద్యోగం మానుకుని నాన్న దగ్గరికి వచ్చేసింది. నాన్నకు మతిమరుపు మొదలైందని చెప్పింది. రెండేళ్లకు వాల్టర్ పోయాడు. తాత పక్కనే పెట్టమన్నాడు కాబట్టి దిగువన గొయ్యి తీశారు. గొయ్యిలో నీళ్లూరాయి. శవపేటిక మోసే ఆరుగురిలో క్లెమ్ ఒకడు. ముందుగా గోతిలోకి దిగి ఆపిల్ కోసే బకెట్టుతో నీళ్లు తోడింది కూడా ఆయనే. తోడేకొద్దీ ఊరాయి. మరో మూడేళ్లకు ఆలివ్ పోయింది. ఆవిడను ఎగువన, ఎండలో, తాత అనుకున్నవాడి పక్కన పెట్టారు.

తర్వాత లండన్ బేరం పోయి, సర్కారు వాళ్లు డబ్బిచ్చి ఆపిల్ చెట్లు పీకించారు. క్లెమ్‌కు భార్య లేదు, తోట లేదు. ఆదివారాల్లో శ్మశానంలో గడ్డి కోసేవాడు. దిగువ వరసలో ఎక్కువసేపు కోసేవాడు. యూనా పూలు తెచ్చి అక్కడే కూర్చునేది.

"ఇక్కడ గడ్డి ఎందుకింత బాగా కోస్తావోయ్? మీవాళ్ల దగ్గర కన్నా మావాళ్ల దగ్గరే నున్నగా ఉంది" అనేది.

"తడి నేల, తొందరగా పెరుగుతుంది" అనేవాడు.

ఇలా మంటలై దాదాపు ఇరవై ఏళ్లు గడిచాయి. అప్పుడు మెల్బోర్న్ నుంచి క్లెమ్ అన్న కూతురు జానిస్ వచ్చింది. ఒబదయా సంతానాన్ని అంతా వెతికి పట్టి, ఈస్టర్ శనివారం గానెట్ క్రీక్‌లో కలపాలని ఆమె పూనిక. ఒబదయాకు ఆరుగురు పిల్లలు, ఆరు రంగుల రిబ్బన్లు. ఏ బిడ్డ కొమ్మలో పుట్టినవాళ్లు ఆ రంగు పెట్టుకోవాలి. బావామరదళ్లను పెళ్లాడినవాళ్లకు రెండు.

"బాబాయ్, ఒక్క సంగతి తేలింది" అంది జానిస్, క్లెమ్ వంటింటి బల్ల మీద కాగితాలు పరుస్తూ. "ఓడల జాబితాల్లో ముత్తాత ఎలా వచ్చాడో దొరకట్లేదు. కానీ ఎగువ వరసలో ఉన్నాడుగా. అంటే సొంత డబ్బుతో వచ్చాడు. ఖైదీ కాదు. సమాధే సాక్ష్యం."

క్లెమ్ టీలో చక్కెర కలుపుతూనే ఉన్నాడు.

"ఇంకో తమాషా చెప్పనా? పక్కింటి ట్రాన్మర్లున్నారే, ఎప్పుడూ మన మీద ముక్కు పైకెత్తేవాళ్లు. వాళ్ల గిడియన్ దిగువ వరస. ఆయనే గొలుసులతో దిగాడన్నమాట. పుస్తకంలో రాశాను, నవ్వొచ్చేలా."

పుస్తకం అచ్చయింది. అట్ట మీద ఎగువ సమాధి ఫొటో. గానెట్ క్రీక్ ఆడవాళ్ల సంఘంలో ఒకామె యూనాను అడిగింది: "ఏం యూనా, మీవాడు ఏం కొట్టేశాడట?"

"గొర్రె అయ్యుంటే బాగుండు" అంది యూనా. "చలికి ఉన్ని అయినా మిగిలేది."

అందరూ నవ్వారు. క్లెమ్ అక్కడ టీ కుండ మోస్తున్నాడు. ఆయన నవ్వలేదు.

ఈస్టరుకు ముందు సోమవారం యూనా కంచె దాటి వచ్చింది. చేతిలో రాస్ప్‌బెర్రీ జామ్ సీసా. క్లెమ్ పాత పాకలో కూర్చుని, రంగు రిబ్బన్లకు పిన్నీసులు గుచ్చుతున్నాడు.

"ఏమోయ్, బతికున్నావా?"

"ఇంకా నా మీద చెక్క పాతలేదు."

"దాని కోసమే వచ్చాను." పెట్టె మీద కూర్చుని ఊపిరి తీసుకుంది. "గుండె చాలించుకుంటుందట. వచ్చే కాపు చూడకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఆపిల్ పళ్లను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నానులే అన్నాను. నాన్న పక్కన చోటు పాస్టరు గారితో మాట్లాడుకున్నాను. నా చెక్క నువ్వే చెయ్యి. నాన్నది చేసినట్టే. ఇప్పుడే చేస్తే నేనూ చూసి పోతాను, అక్షరం వంకర పోతే తిట్టడానికి."

క్లెమ్ లేచి అక్షరాల రేకులు తీశాడు. తుప్పు గీకి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు. మూడో అక్షరం దగ్గర ఆగిపోయాడు.

"అక్కడ తడి ఎక్కువ యూనా."

"నాన్నకు సరిపోయిన చోటు నాకు చాలదా?"

"అది మీ చోటు కాదు."

యూనా నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగింది. క్లెమ్ చెప్పాడు. చెక్కలు, తల్లి, పొడుగాటి కోటు, అన్నీ చెప్పాడు. చెప్తున్నంతసేపూ రేకు మీద లేని తుప్పును గీకాడు. యూనా జామ్ సీసా మూతను బిగించింది. అది ముందే బిగించి ఉంది.

"మీ అమ్మ కోసమా?"

"అవును."

"మీ అమ్మ పోయి పదిహేనేళ్లయింది."

"అవును."

"మరి ఈ పదిహేనేళ్లూ ఎవరి కోసం?"

క్లెమ్ ఇంకో రేకు తీసుకున్నాడు. బయట ఎవరి కుక్కో మొరిగి ఊరుకుంది.

"మీ తాత దొంగో దొరో నాకెందుకు" అంది యూనా. "ఇన్నేళ్లూ మా తాత అనుకుని ఆయనకే పూలు పెట్టాను. పాపం ఆయన పుచ్చుకున్నాడు, వద్దనలేదు. మీ అమ్మ మా తాత పక్కన, మా నాన్న మీ తాత పక్కన. వాళ్లేం పోట్లాడుకోలేదు. అది కాదు."

"మరి?"

"నాన్న ఆ రోజు నాకు ఆసుపత్రికి ఫోన్ చేశాడు. ఫోనంటే పడదు ఆయనకి. 'అమ్మాయ్, నాకు మతి పోతోంది. మా తాత ఎక్కడున్నాడో మర్చిపోయాను' అన్నాడు. అంతకు ముందు ఆయన ఏదైనా మర్చిపోగా చూశావా నువ్వు?"

"లేదు."

"నేను అన్నీ వదులుకుని వచ్చాను. పొయ్యి ఆర్పానా అని అడిగేవాడు. ఆర్పావు నాన్నా అంటే, ఇందాక కూడా అడిగానా అనేవాడు. ఆపిల్ ధరలు చెప్పడం మానేశాడు. ఎవరైనా అడిగితే 'నన్నడక్కండి, నా మాట నమ్మకండి' అనేవాడు. అవి మతి పోయినవాళ్ల లక్షణాలు కావు క్లెమ్. నర్సును, నాకే తెలియాలి. తెలియలేదు. నేనూ ఆయన్ను నమ్మలేదు."

క్లెమ్ రేకులు పక్కకు జరిపి, "ఏం చెయ్యమంటావు?" అన్నాడు.

"చెక్కలు మార్చు. అది నీకు చేతనైన పనే. తర్వాత శనివారం మీవాళ్లందరూ వస్తారుగా, వాళ్ల ముందు, వాల్టర్ ట్రాన్మర్ మతి సరిగ్గానే ఉండేదని చెప్పు. ఆ ఒక్క మాట చాలు. నేను కూర్చుని వింటాను."

"నీకు చోటు పైన..."

"నాన్న పక్కనే. ఆయన్ను మళ్లీ తవ్వుతావా ఏం?" లేచి జామ్ సీసా బల్ల మీద పెట్టింది. "నా చెక్క మాత్రం చెయ్యి. అక్షరాలు వంకర పోకుండా."

శుక్రవారం చినుకుల్లో క్లెమ్ రెండు చెక్కలూ పెకిలించాడు. మంచి చెక్క, ఇరవై ఏళ్లు నేలలో ఉన్నా చెద ముట్టలేదు. హాడ్రెల్‌ను కిందికి, ట్రాన్మర్‌ను పైకి మోశాడు. డెబ్బై దాటిన మనిషికి ఆ వాలు ఇదివరకటి కన్నా నిటారుగా అనిపించింది. పాతిన తర్వాత దిగువన నిలబడి, చెప్పాల్సిన మాటను పైకే అనుకున్నాడు: "వాల్టర్ గారి మతి సరిగ్గానే ఉండేది." ఖాళీ శ్మశానంలో ఆ మాట బాగానే వచ్చింది. ఇంకోసారి అన్నాడు, ఇంకా బాగా వచ్చింది. ధైర్యంగా ఇంటికి పోయి రొట్టె మీద జామ్ రాసుకుని తిన్నాడు.

శనివారం చర్చి ఆవరణ రిబ్బన్లతో నిండిపోయింది. గుడారంలో గుడ్డు శాండ్‌విచ్‌లు, సాసేజ్ రోల్స్, కొబ్బరి చల్లిన లామింగ్టన్ కేకులు. ఎర్రరిబ్బన్ల వాళ్లు పసుపురిబ్బన్ల వాళ్లను అప్పుడే చిన్నచూపు చూస్తున్నారు. యూనా చర్చి టోపీ పెట్టుకుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, మడతకుర్చీలో ముందు వరసలో కూర్చుంది. ఆమెకు రిబ్బన్ లేదు.

టీ అయ్యాక జానిస్ పూలచక్రం పట్టుకుని అందరినీ వాలు మీదికి నడిపించింది. యూనా కుర్చీని ఎవరో మోసుకొచ్చి వేశారు. జానిస్ కాగితం తీసి చదివింది: "ఇక్కడ, స్వేచ్ఛగా వచ్చినవారి ఎగువ వరసలో, మన ఒబదయా..." తలెత్తింది. చెక్క మీద గిడియన్ ట్రాన్మర్ అని ఉంది.

ఒక నీలిరిబ్బన్ కుర్రాడు కిందికి పరుగెత్తి, "ఇక్కడున్నాడు మనవాడు, బురదలో" అని అరిచాడు. ఆ తర్వాత జరిగింది క్లెమ్ ఎన్నడూ ఊహించనిది. పిల్లలంతా సంబరపడిపోయారు. "అంటే ఖైదీయా? నిజంగానా?" "ఏం కొట్టేశాడో?" "మా బళ్లో అందరికీ ఒక ఖైదీ తాత ఉన్నాడు, మాకే లేడనుకున్నా." పెద్దవాళ్లు కూడా నవ్వుతూ కిందికి దిగారు. ఒకామె బురదలో నిలబడి ఫొటో తీయించుకుంది. ఆలివ్ ఇన్నేళ్లు వంగి మోసిన సిగ్గు ఆ మూకలో ఒక్కరికీ లేదు.

జానిస్ ఒక్కతే ఎగువన మిగిలింది, పుస్తకం అట్టనూ చెక్కనూ మార్చి మార్చి చూస్తూ.

"బాబాయ్, ఇదేంటి? చెక్కలు ఎవరు మార్చారు?"

క్లెమ్ నోరు తెరిచాడు. నిన్న బాగా వచ్చిన మాట గొంతు దాకా వచ్చింది. ఎదురుగా తల్లి చెక్క ఉంది, ఆలివ్ హాడ్రెల్, తన చేత్తోనే వేసిన అక్షరాలు. దాని పక్కన కుర్చీలో యూనా, టోపీ కింది నుంచి ఆయన్నే చూస్తోంది. కోపంగా కాదు. చాలా రోజుల నుంచి ఎదురుచూసిన మనిషి చివరి నిమిషంలో చూసినట్టు.

"ఎవరూ మార్చలేదు" అన్నాడు క్లెమ్.

"మరి ఫొటోలో హాడ్రెల్ అని పైన ఉందే?"

"తిరగేసి అచ్చు వేసుంటారు."

"తిరగేస్తే అక్షరాలు తిరగబడవా తాతా?" అని ఒక ఆకుపచ్చ రిబ్బన్ పిల్ల అడిగింది. నవ్వులు లేచాయి. క్లెమ్ కూడా నవ్వాడు, ఆ నవ్వు అక్కర్లేనంత పెద్దగా వచ్చింది.

యూనా నవ్వు ఆగేదాకా ఆగింది. "క్లెమ్, అమ్మాయి అడుగుతోంది. మా నాన్న ఆ రోజు ఏమన్నాడో, నువ్వేమన్నావో చెప్పు."

అందరూ ఆయన వైపు తిరిగారు. గుడారంలో టీ కుండ సన్నగా ఈల వేస్తోంది. క్లెమ్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఎవరూ ఏమీ అనలేదు. ఆ రోజు వాల్టర్ గారు ఇటు రానేలేదు. నేను ఏ చెక్కా మార్చలేదు, అప్పుడూ మార్చలేదు, నిన్నా మార్చలేదు. మంటల తర్వాత ఎక్కడివక్కడే పాతాను, ఇదిగో, ఇప్పుడున్నట్టే. ఎవరికైనా ఇంకోలా గుర్తుంటే వాళ్ల గుర్తే తప్పు."